పది చేపలూ, మా నాయినా

మా ఇంట్లో చేపలున్నాయని చెబితే మా బంధువులు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని కిలోలు?" అని. పదింటినీ కలిపి తూచినా తులం తూగవని నేను జవాబు చెబుతాను. వాళ్లు నమ్మరు. నిజామాబాదు జిల్లాలో చేప అంటే కొర్రమట్ట. అది దొరకకపోతే రవ్వ, అదీ కాకపోతే బొచ్చె. పులుసులోకి పనికిరాని చేపను గాజుపెట్టెలో పెట్టుకుని, రెండు పూటలా మేత వేసి, వారం వారం నీళ్లు మార్చి, కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చోవడమంటే వాళ్ల దృష్టిలో నాకు పనేమీ లేదన్నమాట.

నిజం చెప్పొద్దూ, రెండేళ్ల కిందట నా అభిప్రాయమూ ఇంచుమించు అదే. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. చేపలతో నాకున్న పరిచయమంతా మత్స్యావతారంతో మొదలై మత్స్యయంత్రంతో సరి. మధ్యలో పులుసు ఉన్నదనుకోండి. దాన్ని గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు.

కథ మా అమ్మాయితో మొదలైంది. ఏడో తరగతిలో మంచి మార్కులు వస్తే అడిగింది కొనిపెడతానని నోరు జారాను. మార్కులు వచ్చాయి. అది కుక్కపిల్లను అడిగింది. మేముండేది మేడమీది వాటా. కుక్కపిల్లను చూసే ఓపిక మా ఆవిడకు లేదు, వినే ఓపిక కింది వాటా వాళ్లకు లేదు. బేరం సాగి సాగి కుక్కపిల్ల కాస్తా చేపపిల్ల అయింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు గల గాజుపెట్టె ఒకటి ఆటోలో ఇంటికొచ్చింది. అడుగున గులకరాళ్లు పోస్తే అరవై లీటర్ల నీళ్లు పట్టింది. దాన్ని ముందుగదిలో, మా నాయిన పడక్కుర్చీకి ఎదురుగా, గట్టి చెక్కబల్ల మీద పెట్టాం. ఇంకెక్కడా చోటు లేక అక్కడ పెట్టామే గాని, ఆయన్ను ఉద్దేశించి కాదు.

ఇక్కడ మా నాయినను గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆయన బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. అంతకు ఆరేళ్ల ముందు, 1931లో, మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీళ్లు పారాయి. నీళ్ల వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ వెంట శక్కర్‌నగర్ అనే పేట లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. నా చిన్నతనంలో చలికాలం వచ్చిందంటే చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి. ఊరంతా పచ్చి బెల్లం వాసన. నాయిన రిటైరైన చాలా ఏళ్లకు, 2015 డిసెంబరులో, ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన మాత్రం బోధన్ వదల్లేదు. అమ్మా, ఆయనా, రెండు గదుల సొంత ఇల్లూ, సాయంకాలం పూట హోటలు ముందు బల్లమీద చేరే పాత స్నేహితులూ. ఇరవై ఏడు కిలోమీటర్ల దూరాన నేను. బాగానే జరిగిపోతూ ఉండేది.

అమ్మ గుండెజబ్బుతో పోయింది. నెల మాసికం కాగానే నేను ఇంటికి తాళం వేసి నాయినను నిజామాబాదు తీసుకొచ్చాను. ముసలి తండ్రిని ఒంటిగా వదిలేశాడని నలుగురూ అనుకోరూ? ఇక్కడ ఆయనకు విడిగా గది ఇచ్చాం. కూలరు పెట్టించాం. నెలకోసారి డాక్టరుకు చూపించాం. మా ఆవిడ వేళకు జొన్నరొట్టె చేసి పెట్టేది. "ఎట్లున్నది నాయినా?" అంటే "మంచిగనే ఉన్న, నాకేం తక్కువ?" అనేవాడు. అంతకు మించి మాట లేదు. ముందుగదిలో పడక్కుర్చీని గోడవారకు జరుపుకుని, ఆ మూలనే పగలంతా కూర్చునేవాడు. వయసు పైబడితే మనిషి నెమ్మదిస్తాడు కాబోలునని నేను సరిపెట్టుకున్నాను.

సరే, చేపల దగ్గరికి వద్దాం. దుకాణంలో రంగురంగుల చేపలను చూసేసరికి నాలోని తెలుగు లెక్చరరు నిద్ర లేచాడు. మా వాళ్లకు సంకలనాలు వేసే జబ్బు ఉంటుంది గదా: ఒక్కొక్క కవి నుంచి రెండేసి పద్యాలు. అదే పద్ధతిలో ఒక్కొక్క రకం రెండేసి చేపలను ఎంచాను. నీలం గీత మెరిసే నియాన్ టెట్రాలు రెండు, ఒంటినిండా పులిచారలున్న బార్బులు రెండు, నిలువునా నీలి చారలు సాగిన జీబ్రా చేపలు రెండు, ఇంకా పేర్లు తెలియనివి రెండు. ఎనిమిదింటినీ కొళాయి నీళ్లలో వదిలి, మహాసంకలనం ఆవిష్కరించినంత సంబరపడ్డాను.

అయిదో రోజుకు మూడు పోయాయి. మా అమ్మాయి అన్నం మానేసింది.

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. ఆయన నా మొహం జాలిగా చూసి, "సార్, మీరు చేపలను కొన్నారు గాని నీళ్లను తయారు చేయలేదు," అన్నాడు. నీళ్లను తయారు చేయడమేమిటో అప్పుడు తెలిసింది. చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. కంటికి కనబడని ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొక జాతి ఆ నైట్రైటును నైట్రేటు చేస్తుంది. అది పెద్దగా హాని చెయ్యదు, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చుకుంటే సరిపోతుంది. ఈ రెండు జాతులూ గులకరాళ్ల మీదా, ఫిల్టరు స్పాంజిలోనూ కాపురం పెట్టి వృద్ధి కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా కొత్త నీళ్లలో బోలెడు చేపలను వదిలితే, ఊడ్చేవాళ్లు లేని ఇంట్లో పెళ్లి చేసినట్టే. పైగా కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దానికి విరుగుడు చుక్కలు వెయ్యాలి. నియాన్ టెట్రా అమెజాన్ నది ఎగువ ప్రాంతాల్లో మెత్తని నీళ్లలో పుట్టిన జాతి; మన ఉప్పు బోరు నీళ్లు దానికి గిట్టవు.

ఇవన్నీ నేర్చుకుని, ఓపిక పట్టి, నీళ్లను తయారు చేశాను. నీళ్లు బాగుపడ్డాయి. చేపలు బాగుపడలేదు.

మిగిలిన పులిచారల బార్బు ఒకటి తక్కినవాటి వెంటపడి తోకలు కొరికేది. జీబ్రా చేపల్లో ఒకటి పోయి, ఒకటి మిగిలింది. ఆ ఒంటిది ఫిల్టరు వెనక నక్కి కూర్చునేది. మేత వేస్తే అందరూ తిన్నాక వచ్చి ఒక పలుకు అందుకుని మళ్లీ మూలకు పోయేది. దాని నీలి చారలు వెలిసిపోయిన చీర అంచులాగా అయ్యాయి. నేను మందు వేశాను. ఖరీదైన మేత తెచ్చాను. దాక్కోవడానికి వీలుగా ఒక మట్టి కుండ పెంకు గూడా పెట్టాను. దానికేం తక్కువో నాకు అంతుపట్టలేదు.

ఒకనాటి సాయంత్రం పెట్టె ముందు తల పట్టుకుని కూర్చుంటే వెనక నుంచి మాట వినిపించింది.

"పరక ఒంటిగ ఉంటదారా?"

నాయిన! వారం రోజుల్లో ఆయన తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

"ఇది పరక కాదు నాయినా, జీబ్రా చేప."

"ఏదన్న గానీ. గంత సన్నపు చేపలు ఒక్కొక్కటి తిరుగుతయా? బెల్లాల్ చెరువుల సూడలేదా నువ్వు? గట్టు మీద నిలబడితే మబ్బు పోయినట్టు పోతయి. అండ్ల నుంచి ఒక్కటి ఎడంగ అయిందో, లకుముకి పిట్ట నోట్లకే. గందుకే గది మూలకు నక్కుతున్నది. దానికి రోగం లేదు, భయం."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలే."

మర్నాడు జంతుశాస్త్రం మిత్రుడికి చెబితే చేతులు జోడించి, "మీ నాయిన చెప్పిందే శాస్త్రం," అన్నాడు. టెట్రాలు, బార్బులు, జీబ్రా చేపలు, ఇవన్నీ గుంపు చేపలట. ఒక్కొక్క రకం కనీసం ఆరు, వీలైతే పది ఉండాలి. రకాలు తగ్గించుకుని, తలలు పెంచుకోవాలి. గుంపు చాలని బార్బు తన చిరాకంతా పక్కవాళ్ల తోకల మీద చూపిస్తుంది. అంటే నేను వేసిన సంకలనంలో తప్పు ఎంపికలోనే ఉన్నదన్నమాట.

బార్బునూ, మిగిలిన రెండింటినీ దుకాణానికి తిరిగిచ్చేసి, జీబ్రా చేపలను మరి తొమ్మిది తెచ్చాను. సంచీ మూతి విప్పి వదిలాం. తొమ్మిదీ ఒక ముద్దగా అడుగుకు దిగి నిలబడ్డాయి. ఫిల్టరు వెనక నుంచి మా ఒంటి చేప తొంగి చూసింది. ఒక జానెడు ముందుకు వచ్చింది, ఆగింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టింది. అది ఒక్కసారిగా దూసుకువచ్చి ఆ ముద్దలో కలిసిపోయింది. మరుక్షణంలో వాటిలో మాది ఏదో మాకే తెలియలేదు. రెండు రోజుల్లో చారలన్నీ నీలమణుల్లా తేరుకున్నాయి.

అప్పటి నుంచీ నాకు చదువు పట్టుకుంది. ఈ జీబ్రా చేప ఎక్కడిదో పరదేశపు చేప కాదు. మన దేశపు వాగుల్లో, వరిమళ్ల కాలువల్లో తిరిగే జాతి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండు వైద్యుడు గంగా ప్రాంతపు చేపల మీద పుస్తకం వేసినప్పుడు మొదటిసారి దీన్ని వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో దీని సంతానమే. అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని పరిశోధనకు పనికివచ్చేట్టు తీర్చిదిద్ది 1981లో లోకానికి వెల్లడించాడు. దీని గుడ్డు అద్దంలాగా పారదర్శకం. లోపల గుండె ఏర్పడి కొట్టుకోవడం సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో గూడా వీటి మీద పని జరుగుతున్నది. మనిషి జన్యువుల్లో నూటికి డెబ్బై దాకా ఈ చేపలో జోడీలున్నవని 2013లో తేల్చారు. అంటే, ఈ రెండంగుళాల ప్రాణి మనకు దూరపు చుట్టమే.

ఇంకొకటి చదివి మా నాయినకు చెప్పాను. ఈ చేప గుండెలో అయిదో వంతు కోసి తీసేసినా, రెండు నెలల్లో దాన్ని తిరిగి పెంచుకుంటుందని 2002లో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు.

"గుండెను పెంచుకుంటదా?" అన్నాడు. "గంత చిన్న చేప?"

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ ఫొటో వైపు చూడలేదు గాని, చూడకుండా ఉండడానికే పెట్టె వైపు చూస్తున్నాడని నాకు తోచింది. చెప్పకుండా ఉండవలసింది.

గుంపు సంగతి మాత్రం చెప్పిన కొద్దీ వినేవాడు. గుంపుకు నాయకుడు లేడు. ప్రతి చేపా తన పక్కనున్న నాలుగయిదింటిని కనిపెట్టుకుని ఉంటుంది, అంతే. కళ్లతో చూస్తుంది, ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ అనే ఇంద్రియంతో పక్కవాడి కదలిక నీళ్లలో పుట్టించే ఒత్తిడిని పసిగడుతుంది. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే ఆయన కంప్యూటరు తెర మీద పిట్టల గుంపును ఆడించడానికి మూడే సూత్రాలు పెట్టాడు: పక్కవాణ్ణి గుద్దుకోకు, పక్కవాడు పోయే దిక్కునే పో, మరీ దూరం పోకు. ఆ మూడింటితోనే తెరమీది గుంపు నిజం గుంపులాగా తిరిగిందట. ఇది వినగానే నాయిన, "మా షిఫ్టుల గూడ గివే మూడు," అన్నాడు.

తేనెటీగల నాట్యాన్ని చదివి 1973లో నోబెల్ బహుమానం అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, అంతకు చాలా ముందు, 1938లో, చేపల్లో మరొక వింత కనిపెట్టాడు. గుంపు చేప ఒకదానికి గాయమైతే దాని చర్మం నుంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుంది. ఆ వాసన తగలగానే తక్కినవి చెదిరి దాక్కుంటాయి. జీబ్రా చేపకూ ఈ గుణం ఉన్నది. అయితే 2017లో పోర్చుగల్ పరిశోధకులు చూసిన సంగతి ఏమిటంటే, ఆ భయంకరమైన వాసన తగిలినప్పుడు తనవాళ్లు కంటికి కనబడుతూ ఉంటే ఆ చేప అంతగా బెదరదు. అపాయం తగ్గలేదు, భయం తగ్గింది. మన పెద్దవాళ్లు చావు ఇంటికి వెళ్లి మాటా పలుకూ లేకుండా వరసగా కూర్చుని వచ్చేది ఇందుకే కాబోలు.

క్రమంగా పడక్కుర్చీ మూల వదిలి పెట్టె ముందుకు జరిగింది. పొద్దున్నే నీళ్లపోత కాగానే నాయిన చేపలను లెక్కపెట్టేవాడు. తిరిగే చేపలను లెక్కపెట్టడం సులభం కాదు. మా అమ్మాయికి తొమ్మిదో పదకొండో వచ్చేవి. ఆయనకు ఎప్పుడూ పదే. పైగా పేర్లు పెట్టాడు. పేర్లంటే పేర్లు కావు, కొలువులు. లావుపాటిది క్యాంటీను సాయెబు. అందరికంటే ముందు మేతకు వచ్చేది కాంటా గుమాస్తా. ఎప్పుడూ ఫిల్టరు దగ్గర తిరిగేది బాయిలరు మేస్త్రి. మొదటి నుంచీ ఉన్న ఒంటిదేదో తనకు తెలుసునని ఆయన పట్టుదల, అది ఫిట్టరు.

మే నెలలో ఒక రాత్రి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఆ రోజు పగలు ఎండ 44 డిగ్రీలు. ఫిల్టరు ఆగింది. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. పైన కదలిక లేకపోతే కొత్త గాలి కలవడమూ తగ్గుతుంది. టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. నాకేమీ తోచలేదు. నాయిన లేచి వచ్చి, చెంబు తెమ్మని, పెట్టెలో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి సన్నని ధారగా మళ్లీ అందులోనే పొయ్యడం మొదలుపెట్టాడు. "గాలి నీళ్లల్ల కలవాలె," అన్నాడు. నేను పోస్తానంటే వినలేదు. చివరకు గంటకొకరం అని ఒప్పందం చేసుకున్నాం.

ఆ చీకట్లో, ఆ నీళ్ల చప్పుడులో, ఆయన మాట్లాడాడు. గానుగ కాలంలో రాత్రి షిఫ్టు ఎట్లా ఉండేదో చెప్పాడు. చెరుకు నరికాక నిలవ ఉంటే తీపి తగ్గిపోతుంది, అంచేత మిల్లు రాత్రింబగళ్లు ఆగరాదు. ఏ పన్ను విరిగినా, ఏ బెల్టు తెగినా ఫిట్టర్లు పరుగెత్తాలి. చెరుకు పిప్పే బాయిలర్లకు కట్టె. ఒకసారి నడిరాత్రి మిల్లు నిలిచిపోతే తెల్లవారేదాకా పది మందీ కదలకుండా నిలబడి బాగుచేశారట. క్యాంటీను సాయెబు నాలుగుసార్లు చాయ్ తెచ్చి పోశాడట. "ఇంటికి పొమ్మంటె ఒక్కడు పోలే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ముప్పై ఏళ్ల కిందటిది. అయిదింటికి కరెంటు వచ్చింది. పదీ ఉన్నాయి.

తర్వాత మా మిత్రుడు, అరవై లీటర్ల నీళ్లలో అంతంత చేపలు పదికి ఒక రాత్రి గడవడం అంత కష్టమేమీ కాదని చెప్పాడు. అంటే ఆ జాగారం లేకపోయినా చేపలు బతికేవే. ఆ సంగతి నాయినకు నేనింతవరకు చెప్పలేదు.

ఆషాఢంలో ఒక పొద్దున నేను స్నానం చేస్తుండగా ముందుగదిలో నుంచి నాయిన కేక వినిపించింది: "బాయిలరు మేస్త్రి పోయిండు!" మా ఆవిడ వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, "అయ్యో, ఎప్పుడు పోయిన్రు మామయ్యా? ఫోను వచ్చిందా?" అన్నది. నాయిన పెట్టె వైపు చూపించాడు. మా అమ్మాయి ఫక్కున నవ్వింది. మా ఆవిడా నవ్వింది. నేనూ తడితలతో వచ్చి నవ్వబోయాను గాని నాయిన నవ్వడం లేదు.

"అసలాయన ఎట్లున్నడో," అన్నాడు.

అప్పుడు అడిగాను. ఏడాదిన్నరగా అడగవలసిన ప్రశ్న. "నాయినా, బోధన్‌ల మీవాళ్లు ఎంతమంది ఉన్నరు ఇప్పుడు?"

ఆయన వేళ్లు మడిచాడు. కొందరు పోయారు. కొందరి కొడుకులు హైదరాబాదుకో, దుబాయికో వెళ్తూ తండ్రులను ఎక్కడెక్కడో సర్దారు. "ముగ్గురు ఉండాలె," అన్నాడు. "నేనుంటె నలుగురం."

కూలరు పెట్టించాను. డాక్టరుకు చూపించాను. ఖరీదైన మేతా, మందూ, దాక్కోవడానికి కుండ పెంకూ. తడితలతో ఆ పెట్టె ముందు నిలబడి ఉంటే నాకు ఆ వరస అంతా గుర్తుకొచ్చింది. సత్యవ్రతుడి కమండలంలో చేరిన చేప నాకు చోటు చాలదని నోరు విప్పి అడిగింది. అది దేవుడి చేప గనుక అడిగింది. మామూలు చేపలు అడగవు. మూలకు జరుగుతాయి.

నేను వెంటనే ఉదారుణ్ణి అయిపోయానని అనుకోకండి. నలుగురూ ఏమనుకుంటారన్న భయం ఒక నెల పట్టి ఉంచింది. రాత్రివేళ ఏమైనా అయితే ఎవరు చూస్తారని వాదించాను. "గా ముగ్గురు సూస్తరు," అన్నాడు. "నువ్వు సూస్తలేవని గాదు బిడ్డా. నువ్వు కాలేజీకి పోతవు." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరకు శ్రావణంలో వెళ్లి తాళం తీశాం. ఇల్లు వెల్ల వేయించాం. సోమవారం నుంచి గురువారం దాకా బోధన్‌లో, శుక్రవారం బస్సుకు నిజామాబాదుకు. మా ఆవిడ నాలుగు రోజులకు సరిపడా రొట్టెల పిండీ, పొడులూ కట్టి ఇస్తుంది. మా బంధువుల్లో ఒకరిద్దరు నన్ను ఆడిపోసుకున్నారు కూడా. ఆడిపోసుకోనీ. చేపలను గురించి వాళ్లు ఎట్లాగూ నన్ను అనుకుంటూనే ఉన్నారు.

పోయిన మేస్త్రికి బదులు ఇంకొక చేపను తెచ్చాం. అదివరకే ఉన్న తొమ్మిదీ ఒక్క పూటలో దాన్ని కలుపుకున్నాయి. ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి బోధన్ నుంచి ఫోను వస్తుంది.

"పది ఉన్నయా?"

"ఉన్నయి నాయినా. నువ్వు లెక్కపెడితే పది, నీ మనుమరాలు లెక్కపెడితే పదకొండు."

"మేత ఎక్కువ వెయ్యకుండ్రి. నీళ్లు ఆదివారం నేనొచ్చినంక మారుద్దాం."

వెనక నుంచి ఎవరో గట్టిగా ఏదో అంటారు, ఇంకెవరో నవ్వుతారు, చాయ్ గ్లాసులు చప్పుడవుతాయి.

"అక్కడ ఎంతమంది ఉన్నరు నాయినా?" అంటాను నేను.

"నలుగురం," అంటాడు.